మిథైల్‌ఫెనిడేట్ మాత్రను నలగ్గొట్టి ఇవ్వడం గురించి

నమస్కారమండీ. మీ 9 ఏళ్ల బాబు మింగలేకపోతున్నాడని, ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం (ఏడీహెచ్‌డీ) ఉన్న పిల్లలకు ఇచ్చే, రోజంతా పనిచేయవలసిన మిథైల్‌ఫెనిడేట్ మాత్రను నలగ్గొట్టి తేనెలో కలిపి ఇస్తున్నామని, మధ్యాహ్నానికల్లా మందు పట్టు వదిలేస్తోందని, లంచ్‌బాక్సు ముట్టకుండానే ఇంటికి వస్తోందని రాశారు. మోతాదు చాలడం లేదేమోనన్నది మీ అనుమానం. నాకైతే నలగ్గొట్టడమే కారణమనిపిస్తోంది.

సాధారణ మాత్ర ప్రభావం 3, 4 గంటలే ఉంటుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాల్లో ఆ వేగాన్ని అదుపు చేసేది మాత్ర నిర్మాణమే కనుక, అది చితికితే రోజంతటి మందు ఒక్కసారిగా రక్తంలో చేరి, తొందరగా అయిపోవడమే కాక, గుండె వేగాన్నీ రక్తపోటునూ ఎక్కువగా పెంచే ప్రమాదం ఉంది. అందువల్ల రేపటి మాత్ర వేయకముందే డాక్టరుగారికి ఫోన్ చేసి, ఇన్నాళ్లూ ఎలా ఇచ్చారో ఉన్నదున్నట్టు చెప్పండి; వారు సాధారణ మాత్రలకో, బాబు తీసుకోగలిగిన మరో రూపానికో మార్చవచ్చు. మోతాదు మాత్రం మీ అంతట మీరు పెంచవద్దు.

ఆకలి మందగించడం ఈ మందుతో తరచుగా కనిపించేదే. మాత్రకు ముందే కడుపునిండా టిఫిను పెట్టి, మందు ప్రభావం తగ్గాక రాత్రి భోజనం గట్టిగా పెట్టండి. బరువు, ఎత్తు, బీపీ క్రమం తప్పకుండా చూపించండి. ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.