ఫొటో ఎడిటింగ్‌కు అరవై వేల కంప్యూటర్ సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చినా ఇంజినీరింగ్ వద్దంటోంది. వేసవి సెలవుల్లో మా వీధి చివరి స్టూడియోకు వెళ్లి పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నేర్చుకుంది. ఇప్పుడు ఫొటో ఎడిటింగ్ కోసం డెస్క్‌టాప్ కొనమంటోంది. నా దగ్గర 60 వేలు ఉన్నాయి. బెంగళూరులో ఉన్న మా మేనల్లుడేమో గ్రాఫిక్స్ కార్డుతో లక్షా పాతిక వేలు పెట్టనిదే పనికిరాదంటున్నాడు. ఒక శిక్షణ సంస్థ వారు రెండేళ్ల వీఎఫ్‌ఎక్స్ (సినిమాల్లో కంప్యూటర్‌తో చేసే దృశ్య మాయలు) కోర్సులో చేరితే ల్యాప్‌టాప్ కూడా ఇస్తామంటున్నారు. ఏది మంచిది? ఇంట్లో కూర్చొని చేసుకునే పని కదా అని నేను ఒప్పుకున్నాను. ఏఐ వచ్చాక అసలు ఈ పని ఉంటుందా? (ఒక తండ్రి, భీమవరం)

జవాబు: మీ ప్రశ్న కంప్యూటర్‌తో మొదలై భయంతో ముగిసింది. ఇంటర్ ఫలితాలు వచ్చిన నాటి నుంచి ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపు పూర్తయ్యేదాకా ఏటా ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి. ఒకరు కెమెరా గురించి అడుగుతారు, మరొకరు ల్యాప్‌టాప్ గురించి అడుగుతారు. పదిమంది నడిచే దారి వద్దన్న పిల్ల రేపు ఏమైపోతుందో, పెట్టిన డబ్బు మూలన పడుతుందేమో అన్న దిగులు మాత్రం అందరిదీ. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను. మీ అమ్మాయి ఎంచుకున్నది అన్నం పెట్టే పనే. స్టూడియోలు, కలర్ ల్యాబ్‌లు, ఫ్లెక్సీ ప్రింటింగ్ కేంద్రాలు, ఆన్‌లైన్‌లో చీరలూ నగలూ అమ్మేవారు, వీరందరికీ ఫొటోను చక్కదిద్దే మనిషి కావాలి. అయితే ఆల్బమ్ పనికి షీటుకు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు కాబట్టి, రాబడి ముహూర్తాలను పట్టి నడుస్తుంది. మాఘంలోనూ వైశాఖంలోనూ రాత్రింబవళ్లు పని ఉంటుంది, ఆషాఢంలోనూ మూఢంలోనూ చేతులు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ నెలలకు మరో రకం పనిని ఆమె ముందే చూసుకోవాలి.

ఇక యంత్రం సంగతి. 60 వేలు సరిపోతాయి. పెళ్లి ఆల్బమ్‌లో సాధారణంగా వాడే 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు షీటును అంగుళానికి 300 చుక్కల చొప్పున తయారు చేస్తే 3,600ను 10,800తో గుణించినన్ని, అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున లెక్కిస్తే షీటు మొత్తం పరుచుకున్న ఒక్క లేయర్‌కే (ఒకదానిపై ఒకటి పేర్చే పొరలలో ఒకటి) సుమారు 117 మెగాబైట్లు అవసరం, అలాంటివి పది లేయర్లు పెట్టేసరికి ఒక్క షీటే ఒక గిగాబైట్ దాటుతుంది. ఈ బరువంతా ముందుగా మోసేది ర్యామ్, అంటే పని జరుగుతున్నంతసేపు ఫైళ్లను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ. అందుకే 8 జీబీతో సరిపెట్టవద్దని, 16 జీబీ తప్పనిసరి అని చెబుతున్నాను. మీ మేనల్లుడు చెప్పిన ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఆటలకు, త్రీడీ పనికి ప్రాణం వంటిది గానీ ఆల్బమ్ పనిలో దాని పాత్ర చిన్నది. రాత్రి రిసెప్షన్ ఫొటోలలోని గరుకుదనాన్ని ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఏఐ సాయంతో తొలగించేటప్పుడు మాత్రం కార్డు లేని లోటు బాగా తెలుస్తుంది. ఆ పనిని రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి వదిలేయవచ్చు. సంపాదన మొదలయ్యాక కార్డును విడిగా కొని అదే పెట్టెలో అమర్చుకోవచ్చు, కాబట్టి పెట్టెలోని భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఇప్పుడే కాస్త మంచిది తీసుకోండి.

ప్రాసెసర్‌గా ఇంటెల్ ఐ5 12400 గానీ ఏఎండీ రైజన్ 5 5600జీ గానీ చాలు, రెండింటిలోనూ ఆరు కోర్లు ఉన్నాయి. ఇంటెల్ తీసుకుంటే పేరు చివర ‘ఎఫ్’ అనే అక్షరం లేకుండా చూసుకోండి. కొంచెం చవక అని ఎఫ్ రకాన్ని అంటగడితే, అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి విడి కార్డు లేనిదే తెర మీద బొమ్మే రాదు. 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లను దాచే వేగవంతమైన డిస్క్) ధరలు బాగా పెరిగాయి. కాబట్టి 16 జీబీని ఒకే బద్దగా తీసుకొని రెండో స్లాటును తరువాతి కోసం ఖాళీగా ఉంచడం మేలు. ఒక పెళ్లిలో మూడు వేల ఫొటోలు తీసి, ఒక్కోటి 25 మెగాబైట్లు ఉంటే 75 జీబీ అవుతుంది, అందువల్ల 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి తోడు పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి ఉండాలి. యూపీఎస్ లేకుండా మాత్రం కొనవద్దు. సెకండ్‌హ్యాండ్ అయినా తప్పు లేదు. కానీ విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆపైది ఉండాలి.

వీటన్నిటికన్నా మానిటర్ ముఖ్యం. కనీసం పది వేలు దానికి ముందే పక్కన పెట్టి, మిగిలినదానితో పెట్టె సంగతి చూడండి. నా దగ్గరకు వచ్చిన ఒక విద్యార్థి డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకు పోసి, చివరికి మిగిలిన నాలుగు వేలతో రంగులు సరిగా చూపని పాత టీఎన్ ప్యానెల్ రకం తెర కొన్నాడు. అతని మొదటి ఆల్బమ్ ల్యాబ్ నుంచి వచ్చిన రోజు నేనూ చూశాను. మంగళస్నానం ఫొటోలలో పెళ్లికూతురి బుగ్గల మీది పసుపు ఆకుపచ్చ ఛాయకు తిరిగింది. ఎర్రటి పట్టుచీరలో జరీ గీతలన్నీ ఒకే ఎరుపు ముద్దలో కలిసిపోయాయి. తెల్లని మధుపర్కం మడతలు సున్నం వేసిన గోడలా కనిపించాయి. తెరలో లేని రంగును కన్ను ఎలా దిద్దుతుంది? ఆ షీట్లను అతను సొంత డబ్బుతో మళ్లీ ప్రింట్ చేయించాల్సి వచ్చింది. రంగులు నిలకడగా చూపే 24 అంగుళాల ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు ప్రామాణికంగా వాడే రంగుల శ్రేణి) రంగులను దాదాపు పూర్తిగా చూపేది తీసుకోండి, తెర వెలుతురు బాగా తగ్గించి పని చేయమనండి. కొన్ననాటి వెలుతురులో దిద్దితే ప్రింట్ తప్పకుండా నల్లగా వస్తుంది. ల్యాప్‌టాప్ వద్దనడానికీ కారణం ఇదే. ఈ ధరలో దొరికే చాలా ల్యాప్‌టాప్‌ల వివరాలలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల శ్రేణికి మరో పాత కొలమానం) అని రాసి ఉంటుంది, అంటే ఎస్‌ఆర్‌జీబీ రంగులలో మూడింట ఒక వంతు ఆ తెర మీద కనిపించదన్నమాట.

ల్యాప్‌టాప్ కూడా ఇస్తామన్న ఆ కోర్సు గురించి నా అనుమానాలు దాచుకోను. వీఎఫ్‌ఎక్స్ అన్న మాటకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది. మన సినిమాలు చూసి పిల్లలు ముచ్చటపడటం సహజం, ఆ రంగంలో గొప్పగా పనిచేస్తున్న తెలుగువారు ఉన్నారన్నదీ నిజం. కానీ కొత్తగా చేరినవారికి దొరికే పని ఎక్కువగా ఒక్కో ఫ్రేములో మనిషి అంచుల వెంట గీత గీసే రోటోస్కోపింగ్, వైర్లు చెరిపే పని. ఏఐ ముందుగా చేయి వేస్తున్నదీ వాటి మీదే. పైగా ఆ పరిశ్రమ చాలావరకు విదేశీ ఆర్డర్ల మీద ఆధారపడి ఉంది. 2025 ఫిబ్రవరిలో సినిమాలకు వీఎఫ్‌ఎక్స్ చేసే టెక్నికలర్ సంస్థ కూలిపోయినప్పుడు ఎక్కడో పారిస్‌లో వచ్చిన కష్టానికి బెంగళూరు, ముంబై స్టూడియోలలోని ఉద్యోగులు రోడ్డున పడ్డారు. ఫొటో మీద మనసున్న పిల్లను, పక్కన ల్యాప్‌టాప్ పెట్టారన్న ఒక్క కారణంతో వేరే రంగంలోకి నెట్టకండి. ఆ ల్యాప్‌టాప్ ధర ఫీజులోనే ఉంటుంది. చదువు కావాలంటే సరైన దారులు వేరే ఉన్నాయి. హైదరాబాద్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఉంది, కడపలోనూ 2020లో ఏర్పడిన ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఈ ఏడాది కాకపోయినా వచ్చే ఏడాదికి ప్రయత్నించమనండి.

ఏఐ ఈ పనినీ వదల్లేదు. 2023లో ఫొటోషాప్‌లోకి జనరేటివ్ ఫిల్ వచ్చినప్పటి నుంచి వెనుకనున్న కుర్చీని మాయం చేయడం, గోడను పొడిగించడం క్షణాల పని అయింది. కేవలం అదే నేర్చుకున్నవారికి గడ్డుకాలమే. అయితే జీలకర్ర బెల్లం నాటి వంద ఫొటోలలో ఏది షీటు మధ్యన నిలవాలో, కన్యాదానం పేజీలో అమ్మాయి మేనమామ ఎందుకు తప్పకుండా ఉండాలో, అమ్మమ్మ ముఖంలోని ముడతలను ఎంతవరకు తాకవచ్చో తెలిసిన మనిషి కోసం కుటుంబాలు ఇంకా వెతుకుతూనే ఉన్నాయి.

ఆ తెలివి పెళ్లిపందిట్లో నిలబడితేనే వస్తుంది, అందుకే మీ మీద నాకు కొంత కోపంగా ఉంది. ఇంట్లో కూర్చొని చేసుకునే పని కాబట్టి ఒప్పుకున్నానని రాశారు. అమ్మాయి గడప దాటకుండా ఉండటానికి 60 వేలు పెడుతున్నారా, ఆమె ఎదగడానికి పెడుతున్నారా? గదిలో తలుపు వేసుకొని ఎవరో పంపిన ఫొటోలను దిద్దుతూ కూర్చుంటే రెండేళ్లకు ఆమె చెయ్యి వేగం పెరుగుతుంది, కన్ను మాత్రం అక్కడే ఆగిపోతుంది. స్టూడియోవారితో పెళ్లిళ్లకు వెళ్లనివ్వండి, ల్యాబ్‌కు వెళ్లి ప్రింట్ తడి ఆరకముందే చూడనివ్వండి, తన పనికి తానే ధర చెప్పి వసూలు చేసుకోనివ్వండి. రాత్రి పొద్దుపోతుందన్న భయం ఉంటే బండి మీద మీరే వెళ్లి తీసుకురండి. అది తండ్రి చేయదగిన సాయం. ర్యాంకు వచ్చి కూడా వద్దందని పదే పదే గుర్తు చేయడం కూడా ఆపండి, ఆమె ఓడిపోయి ఇటు రాలేదు.

కంప్యూటర్ కొనడానికి ఆమెను వెంట తీసుకువెళ్లండి. స్టూడియోలో తాను డిజైన్ చేసిన షీటు ఒకటి ప్రింట్ రూపంలోనూ, దాని ఫైలు పెన్‌డ్రైవ్‌లోనూ పట్టుకు రమ్మనండి. రెండు మూడు మానిటర్ల మీద ఆ ఫైలును తెరిపించి, పక్కన ప్రింట్‌ను పెట్టి, ఏ తెర నిజం చెబుతోందో ఆమెనే తేల్చనివ్వండి. దుకాణదారుడు మీ వైపు తిరిగి మాట్లాడితే ఆమె వైపు చూపించండి. ఉచితంగా ఎక్కిస్తామనే దొంగ ఫొటోషాప్ వద్దనండి, దాని వెంట వచ్చే వైరస్ ఒకరి పెళ్లి ఫొటోలన్నిటినీ మింగేయగలదు. చందా కట్టే స్థోమత వచ్చేదాకా ఇంట్లో గింప్, డార్క్‌టేబుల్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లను ఉచితంగానే వాడుకోవచ్చు. బిల్లు, వారంటీ కాగితాలు రెండూ ఆమె పేరు మీద రాయించండి.