220 పెడితే 220 ఉంటుందా అంటే... ఉండదండి

అడిగినాయన ప్రశ్న ఏంటంటే, వేప్‌లో (ఎలక్ట్రానిక్ సిగరెట్) ఎస్ఎస్ 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ కాయిల్ వేసుకుని మోడ్‌లో (బ్యాటరీ, చిప్ ఉండే డబ్బా) 220 డిగ్రీలు సెట్ చేస్తే కాయిల్ నిజంగా 220 దగ్గరే ఆగుతుందా, టెంపరేచర్ కంట్రోల్‌ని ఎంతవరకు నమ్మొచ్చు అని. ఆగదండి. ఆ చుట్టుపక్కల ఎక్కడో ఆగుతుంది. ఎంత చుట్టుపక్కల అనేది మోడ్ కంపెనీ కన్నా మీరు స్క్రూ ఎంత బిగించారు, ఏ టైంలో ఓమ్స్ లాక్ చేశారు (అంటే చల్లని కాయిల్ రెసిస్టెన్స్ ఇదీ అని మోడ్‌కి గుర్తుపెట్టించారు) అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

నాది ఇన్‌స్ట్రుమెంటేషన్ ఫీల్డ్. వైజాగ్‌లో ప్లాంట్‌లో ఉన్నప్పుడు ఆర్‌టీడీలు (రెసిస్టెన్స్ చూసి వేడి కొలిచే సెన్సార్లు) చెక్ చేయడమే రోజువారీ పని, ఇప్పుడు ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బ్రో దగ్గర కూడా అదే, జీతం మాత్రం పౌండ్లలో. మేము వాడే పీటీ100 అనే ఆర్‌టీడీలో ప్లాటినం ఉంటుంది, సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్స్, 100 డిగ్రీలకి 138.5 ఓమ్స్. అంత పెద్ద తేడా కనిపిస్తున్నా కూడా కేబుల్ రెసిస్టెన్స్ కలిసి రీడింగ్ పాడవుతుందని మూడు వైర్లు, ఇంకా జాగ్రత్త కావాలంటే నాలుగు వైర్లు లాగుతాం. వేప్ మోడ్ చేసేదీ ఇదే లెక్క. వేడెక్కితే తీగ రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఎంత పెరిగిందో చూసి డిగ్రీలు లెక్కేస్తుంది. కాకపోతే ఇక్కడ విడిగా సెన్సార్ ఏమీ లేదు, కాలే తీగనే కొలవాలి, అదీ రెండే కాళ్ల మీద. అంటే స్క్రీన్ మీద కనిపించే నంబర్ థర్మామీటర్ రీడింగ్ కాదు, ఓమ్స్ మీద కట్టిన లెక్క.

ఆ లెక్క ఎంత సన్నంగా ఉంటుందో చూడండి. 316ఎల్ తీగకి టీసీఆర్ (ఒక్కో డిగ్రీకి రెసిస్టెన్స్ ఎంత వంతు పెరుగుతుందో చెప్పే అంకె) సుమారు 0.00088 అనుకుందాం (కొన్ని మోడ్‌లలో 0.00092 ఉంటుంది, అదో గొడవ). చల్లగా ఉన్నప్పుడు 0.5 ఓమ్ కాయిల్, 20 నుంచి 220కి వెళ్తే అయ్యేది 0.588. రెండొందల డిగ్రీల కథ మొత్తం ఆ 0.088 ఓమ్‌లోనే జరిగిపోవాలి. కాయిల్ కాళ్లని పట్టి ఉంచే పోస్ట్ స్క్రూ కాస్త వదులైనా, ట్యాంక్ (కాయిల్, జ్యూస్ ఉండే భాగం) కింద థ్రెడ్‌లో జ్యూస్ (పొగగా మారే ద్రవం) జిడ్డు పట్టినా 0.01 ఓమ్ అటూ ఇటూ అవ్వడం పెద్ద విశేషం కాదు, ఆ 0.01 అంటేనే దగ్గర దగ్గర 23 డిగ్రీలు. టైటానియం అయితే ఇదే తప్పు చాలా తక్కువలో పోతుంది, దాని టీసీఆర్ 0.0035 దాకా ఉంటుంది కాబట్టి. కాంతల్ అనే హీటర్ తీగతో అసలు కుదరనే కుదరదు, అది వేడెక్కినా రెసిస్టెన్స్ కదలదు. అందుకే 2014లో ఎవాల్వ్ అనే కంపెనీ వాళ్ల టెంపరేచర్ కంట్రోల్ చిప్ డీఎన్ఏ 40 వచ్చినప్పుడు అందరూ నికెల్ తీగ పట్టుకున్నారు, దాని టీసీఆర్ 0.006 పైమాటే, కానీ నికెల్ కాయిల్ ఓమ్స్ మరీ తక్కువ అవడంతో కాంటాక్ట్ గొడవలు మళ్లీ మొదటికొచ్చాయి.

ఇప్పుడు మా రూమ్మేట్ సంగతి. తణుకు వాడు, సిగరెట్ మానడానికి వేప్ పట్టుకుని దాన్ని మానలేకపోయినవాడు. జనవరిలో ఒక రోజు రాత్రి స్పేర్ ట్యాంక్ కార్లో వదిలేశాడు. పొద్దున్నే మేమిద్దరం కారు అద్దం మీద ఐస్ గీకుతున్నాం, వీడు ఒక చేత్తో గీకుతూ ఇంకో చేత్తో ఆ ట్యాంక్ తీసి మోడ్‌కి బిగించాడు. కొత్త కాయిలా పాతదా అని మోడ్ అడిగింది, కొత్తదే అని నొక్కేశాడు. అంటే ఒకటో రెండో డిగ్రీల చలిలో ఉన్న కాయిల్ ఓమ్స్‌ని ఆ మోడ్ రూమ్ టెంపరేచర్ ఓమ్స్ కింద రాసేసుకుంది. ఇక 220 పెట్టినా అసలు కాయిల్ 200 దాటదు. ఒక్క పఫ్ లాగాడు, పొగ లేదు, స్క్రీన్ మీద టెంపరేచర్ ప్రొటెక్షన్ అని మెసేజ్. "అన్నా ఇది చచ్చిపోయింది" అంటూ 240 చేశాడు, 260 చేశాడు, అప్పుడు బావుందన్నాడు. నేను చెప్పబోయాను, "నీ ప్లాంట్ సంగతులు సాయంత్రం చెప్దువుగాని" అన్నాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక హీటర్ పక్కన కూర్చుని వరసగా లాగి లాగి ట్యాంక్ ఖాళీ చేశాడు, వేడి మీదే విప్పి జ్యూస్ నింపి మళ్లీ బిగించాడు, మోడ్ మళ్లీ అడిగింది, వీడు మళ్లీ కొత్తదే అన్నాడు. ఈసారి కాయిల్ ఏ నలభై డిగ్రీల్లోనో ఉంది. సెట్టింగ్ మాత్రం పొద్దుటి 260. లెక్క కడితే ఆ కాయిల్ 280 దాటుతుంది, కాయిల్‌లో జ్యూస్ పీల్చే కాటన్ మాడడానికి అంత అక్కర్లేదు, దానికి ముందే రంగు మారిపోతుంది. వాడు లాగిన లాగుకి గది మొత్తం దూది కాలిన వాసన, కళ్లమ్మట నీళ్లు, దగ్గు తగ్గాక మొదటి మాట "కంపెనీవాళ్లు మోసం చేశార్రా అన్నా" అని. కంపెనీ ఏం చేసింది పాపం, అడిగి మరీ లాక్ చేసింది కదా!

తర్వాత వాడి నోరు మూయించడానికి నా దగ్గరున్న సన్న కే టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ సెన్సార్) కాయిల్‌కి ఆనించి చూపించాను. మధ్య చుట్టు దగ్గర ఒక రీడింగ్, పోస్ట్ పక్కన చివరి చుట్టు దగ్గర బాగా తక్కువ, స్క్రీన్ మీద మాత్రం ఒకే అంకె. ఎందుకంటే చిప్‌కి కనిపించేది తీగ మొత్తం సగటు. మధ్యలో ఒకచోట ఎర్రబడుతున్నా అంచులు చల్లగా ఉంటే సగటు బంగారంలా కనిపిస్తుంది. (థర్మోకపుల్ కూడా అంత చిన్న కాయిల్ నుంచి కాస్త వేడి లాగేస్తుంది, కాబట్టి అదీ దేవుడి మాటేం కాదు.)

అసలు నా వాదన ఏంటంటే, కాటన్ తడిగా ఉన్నంతసేపు వేడిని పట్టి ఉంచేది చిప్ కాదు, జ్యూసే. జ్యూస్‌లో ఉండే పీజీ (ప్రొపైలిన్ గ్లైకాల్) 188 దగ్గర మరుగుతుంది, వీజీ (గ్లిజరిన్) 290 దగ్గర, కలిపిన జ్యూస్ ఆ మధ్యలో ఎక్కడో. ద్రవం ఆవిరవుతున్నంతసేపు వేడి అందులోకే పోతుంది. చిప్‌కి అసలు పని పడేది కాటన్ ఆరినప్పుడే, అప్పుడు రెసిస్టెన్స్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, పవర్ తగ్గించేస్తుంది. అందుకని నేను దీన్ని టెంపరేచర్ కంట్రోల్ అనను, డ్రై హిట్ (ఆరిన కాటన్ మాడి వచ్చే పఫ్) ఆపే బ్రేక్ అంటాను. ఆ పని మాత్రం బాగా చేస్తుంది, ఆ మాట ఒప్పుకుంటా. మరి బాక్స్ మీద 100 నుంచి 315 డిగ్రీలు అని రాయడం దేనికో, 315లో కాటన్ ఏమవుతుందో వాళ్లకి తెలీదా?

ఇంకో ఒళ్లు మండే విషయం, "బ్రో మీరు ఎంత పెట్టారు" అని అడిగి ఆ నంబర్ కాపీ కొట్టేవాళ్లు. వాడి తీగ వేరు, వాడి ట్యాంక్ వేరు, వాడు లాక్ చేసిన గది వేరు. పక్కింటోడి ఏసీ 24లో ఉందని మనింట్లో 24 పెడితే అదే చల్లదనం వస్తుందా? పైగా షాపుల్లో ఎస్ఎస్ అని ఒకే ముక్క రాసి తీగ అమ్ముతారు, లోపల 304 రకం స్టీల్ ఉంటే టీసీఆర్ 0.00105 దగ్గర, మోడ్ 316ఎల్ అనుకుని 220కి ఆపితే నిజానికి 190 కూడా ఉండదు. రివ్యూ వీడియోల వాళ్లు బాక్స్ విప్పడం, పొగ వదలడం తప్ప ఒక్కడూ ఇది చెప్పడు.

మీకు పనికొచ్చేది చెప్పాలంటే, కొత్త కాయిల్ వేశాక మోడ్, ట్యాంక్ రెండూ గదిలో ఒక అరగంట ఊరికే పెట్టండి, అప్పుడు లాక్ చేయండి. స్క్రూలు బిగించి థ్రెడ్‌లు తుడవండి. 180 నుంచి మొదలుపెట్టి మీ నోటికి నచ్చేదాకా పైకి రండి, అక్కడ స్క్రీన్ మీద ఏ నంబరున్నా అది మీ నంబర్, ఇంకెవరికీ చెప్పకండి. డీఎన్ఏ చిప్‌లలో తర్వాత రీప్లే అని ఒకటి పెట్టారు, నచ్చిన పఫ్‌ని సేవ్ చేస్తే మళ్లీ మళ్లీ అలాగే ఇస్తుంది, డిగ్రీలతో పనే లేదు, నాకు నచ్చిన పద్ధతి అదే.

మీరు ఎక్కడుంటారో రాయలేదు. ఇండియాలో అయితే ఈ చర్చంతా దండగ, 2019 నుంచి అమ్మకం, దిగుమతి అన్నీ నిషేధం, మొదటిసారి దొరికితేనే ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మా తణుకు వాడు సంక్రాంతికి వెళ్తూ మోడ్ బ్యాగ్‌లో సర్దుకున్నాడు, నేనే తీయించాను. ఇప్పుడది నా డ్రాయర్‌లో ఉంది, బ్యాటరీలు విడిగా.