ఇన్‌గర్జిటేట్ అంటే ఏమిటి? ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

మింగడమే, కానీ మర్యాదగా కాదు. ఆబగా, ఆపకుండా గొంతులోకి దింపేయడాన్ని ఇంగ్లిష్‌లో ఇన్‌గర్జిటేట్ అంటారు. మాత్ర వేసుకుని నీళ్లు తాగితే అది స్వాలో. పందెం కట్టి ఇడ్లీలు కుక్కుకుంటే ఇది.

మూలం లాటిన్. గుర్గెస్ అంటే సుడిగుండం. దాని ముందు 'లోపలికి' అనే అర్థమిచ్చే ఇన్ చేరి ఇన్‌గుర్గిటారే అయింది: వరదలా లోపలికి పోయడం, పీకలదాకా తినడం. రోమన్లు దీన్ని తిండికే పరిమితం చేయలేదు. క్రీ.పూ. 44లో రోమన్ నేత ఆంటొనీని దుయ్యబడుతూ రాసిన ప్రసంగంలో వక్త సిసెరో, సేనాని పాంపే ఆస్తి మీద ఆంటొనీ పడ్డ తీరుకు ఇదే క్రియ వాడాడు. ఆస్తులు మింగేవాళ్లు అప్పుడూ ఉన్నారన్నమాట!

ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చింది. ఇప్పుడు మాటల్లో దాదాపు ఎవరూ వాడరు, 'గల్ప్' అంటే సరిపోతుంది. దీని తోబుట్టువు రీగర్జిటేట్ మాత్రం బాగా బతికింది. మింగింది వెనక్కి రావడం అన్నమాట. తల్లిపక్షి పిల్లల నోట్లో కక్కినా, బట్టీ పట్టింది పరీక్షలో కక్కినా అదే క్రియ. గుండెకు తీసే ఎకో స్కాన్ రిపోర్టులో కనిపించే మైట్రల్ రీగర్జిటేషన్ కూడా ఈ కుటుంబమే. అక్కడ వెనక్కి వచ్చేది తిండి కాదు, గుండె కవాటం సరిగా మూసుకోక కారే రక్తం.