రాజీనామా మీరు ఇచ్చారా, వాళ్లు తీసుకున్నారా?

ప్రశ్న: కడపలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. తొమ్మిదో తరగతిలో హక్కుల పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి, ‘ఇద్దరు మగవాళ్లు కలిసి ఉంటే నేరమా మేడమ్?’ అని అడిగాడు. కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పిందన్నాను. ఒక పేరెంట్ గొడవ చేశారు. స్కూళ్లలో ఈ మాట ఎత్తకూడదని చట్టం ఉందంటూ వాట్సాప్‌లో వచ్చిన కాగితం చూపించి స్కూలు యాజమాన్యం నాతో రాజీనామా రాయించుకుంది. పదకొండేళ్ల సర్వీసు. నిద్ర పట్టడం లేదు. ఆ క్లాసు సీసీ కెమెరా క్లిప్ నా దగ్గర ఉంది, ఫేస్‌బుక్‌లో పెట్టమంటున్నారు.

జవాబు: అలాంటి చట్టం మన దేశంలో లేదు. మీకు చూపించింది అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2022లో చేసిన చట్టం. అక్కడ కూడా ఆ చట్టంపై వేసిన కేసులో 2024లో కుదిరిన రాజీలో, పాఠంగా బోధించడంపైనే నిషేధమని, పిల్లలు అడిగితే మాట్లాడటంపై కాదని స్పష్టం చేశారు. బ్రిటన్ 1988లో ఇలాంటిదే తెచ్చి 2003 నాటికి పూర్తిగా ఎత్తేసింది. మన దగ్గర 2018 సెప్టెంబరు 6 నాటి తీర్పుకు విస్తృతంగా ప్రచారం కల్పించాలని, ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ నారీమన్ కేంద్రాన్ని ఆదేశించారు. మీరు క్లాసులో చెప్పింది ఆ తీర్పే.

అయితే మీ కేసు తేలేది దీని మీద కాదు. మిమ్మల్ని తొలగించారా, మీరే మానేశారా? ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 1982లోని 79వ సెక్షన్ ప్రకారం, ప్రైవేటు స్కూల్ టీచర్‌ని తొలగించాలంటే ఆరోపణలు తెలిపి విచారణ జరపాలి. రాజీనామా చేతిలో ఉంటే ఆ విచారణ అవసరమే లేదంటారు. అందుకే రాయించుకున్నారు. మీరేమో తేదీ వేయకుండా సంతకం పెట్టారు, జిరాక్స్ కూడా ఉంచుకోలేదు! పదకొండేళ్లు పిల్లలకు హక్కులు చెప్పిన మనిషి చేయాల్సిన పనేనా అమ్మా ఇది?

మీ నాలుగు పేజీల ఉత్తరంలో నాకు పనికొచ్చింది చివరి పేజీలోని ఒక్క వాక్యం. ‘రేపటికల్లా లెటర్ ఇవ్వకపోతే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వం’ అని కరస్పాండెంట్ పంపిన మెసేజ్. బలవంతం జరిగిందనడానికి సాక్ష్యం అదే. ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. కోర్టులో స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం, 2023) 63వ సెక్షన్ కింద ఆ మెసేజ్ ఏ ఫోన్‌లోదో ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి.

క్లిప్ మాత్రం ఎక్కడా పెట్టకండి. అందులో ప్రశ్న అడిగిన ఆ అబ్బాయి ముఖం కనబడుతుందని మీరే రాశారు. ఊరంతా వాడిని వేలెత్తి చూపితే వాడు మళ్లీ బడికి వస్తాడా? పైగా ఆ క్లిప్ మీ చేతికి ఎలా వచ్చిందన్నదే అవతలి లాయర్ మొదటి ప్రశ్న అవుతుంది.

మీ నోటీసు గడువు ఇంకా పన్నెండు రోజులు ఉందన్నారు. రాజీనామా అమల్లోకి రాకముందే దాన్ని వెనక్కి తీసుకునే హక్కు సాధారణంగా ఉంటుంది. బెదిరిస్తే రాశానని, దాన్ని ఉపసంహరించుకుంటున్నానని ఈ రోజే రాసి స్పీడ్ పోస్టులో పంపండి. ఒక కాపీ డీఈఓ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మర్నాటి నుంచి స్కూలుకు వెళ్లండి. గేటు దగ్గర ఆపితే, ఆపిన తేదీ, టైమ్, ఆపినవారి పేరు రాసి ఆ రోజే మరో ఉత్తరం పంపండి. అప్పుడు అది తొలగింపే అవుతుంది, విద్యా చట్టం 80వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లొచ్చు. జీతం బకాయికి దావా వేయడానికి మూడేళ్ల గడువుంది కదా అని దీన్ని వాయిదా వేయకండి, ఈ పన్నెండు రోజులు పోతే తిరిగి రావు. అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్ తీసుకుని ఈ వారంలోనే దగ్గర్లోని లాయర్‌ని కలవండి.