రైనీ ఆసుపత్రికి ఆ పేరెలా వచ్చింది?

ప్రశ్న: మా నాయనమ్మ రాయపురంలోని రైనీ ఆసుపత్రిలోనే మా నాన్నను కన్నది. అక్కడ మందు సీసా పక్కన మోతాదు గుర్తులుగా కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవారని చెప్పేది. ఆ పేరుకూ వానకూ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, పాత వాషర్‌మన్‌పేట, చెన్నై

జవాబు: వానతో సంబంధం లేదండీ, అది ఒక ఇంటిపేరు. లండన్ మహిళా వైద్య పాఠశాలలో చదివిన స్కాట్లండ్ వైద్యురాలు మటిల్డా మ్యాక్‌ఫెయిల్, స్కాట్లండ్‌లోని ఫ్రీ చర్చి అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంఘం అండతో 1888లో మద్రాసులో స్త్రీల కోసం చిన్నగా వైద్యసేవ మొదలుపెట్టారు. పురుష వైద్యుడి చేత నాడి చూపించుకోవడానికి కూడా ఆడవాళ్లు వెనుకాడిన కాలమది. గోషా, అంటే పరదా, పాటించే స్త్రీల కోసం మద్రాసులో గోషా ఆసుపత్రి 1885లో వెలిసిందీ ఆ ఇబ్బంది వల్లనే. రోగుల తాకిడికి చోటు చాలక రాయపురంలో ప్రత్యేకంగా భవనం కట్టినప్పుడు, స్కాట్లండ్‌లో ఆ చర్చి మహిళా మిషన్ పనులు నడిపిన క్రిస్టినా రైనీ పేరును దానికి పెట్టారు. ఆమె పేరు మిగిలి, రోగుల మధ్య దశాబ్దాలు గడిపిన మ్యాక్‌ఫెయిల్ పేరు మరుగున పడడం నాకు కొంత అన్యాయంగానే తోస్తుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మ్యాక్‌ఫెయిల్ ఐరోపా వెళ్లి, స్కాటిష్ మహిళా ఆసుపత్రుల తరఫున సెర్బియాలో క్షతగాత్రులకు సేవ చేసి, మళ్లీ మద్రాసుకే వచ్చారు.

1947లో పలు ప్రొటెస్టెంట్ చర్చిలు కలిసి దక్షిణ భారత సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఇప్పుడు ఆ ఆసుపత్రి సి.ఎస్.ఐ. రైనీ పేరుతోనే నడుస్తోంది. మగవారికీ అక్కడ వైద్యం అందుతుంది.