ఫ్రీ డైమండ్స్ అంటూ మెసేజ్ వస్తే

ఈ నెల మాకొచ్చిన ఉత్తరాల నిండా గేమ్‌ల గొడవే. అన్నిటికీ చోటు లేదు కాబట్టి, నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులు ఇస్తున్నాం. మొదటిదానికి మాత్రం కాస్త ఎక్కువే రాయాల్సి వచ్చింది.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్న ఫోన్‌లో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడతాడు. అందులో సరుకులు డైమండ్స్ అనే గేమ్ నాణేలతో కొనుక్కోవాలి. గిల్డ్ (గేమ్‌లో వాళ్ల జట్టు) వాట్సాప్ గ్రూప్‌లో "పండగ ఈవెంట్, పదివేల డైమండ్స్ ఫ్రీ, ఈ రాత్రికే లాస్ట్" అని లింకు వస్తే నొక్కి, ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యాడట. తెల్లారేసరికి ఐడీ (గేమ్ అకౌంట్) పోయింది. తర్వాత ఇన్‌స్టాలో ఎవడో "నేను తిరిగి ఇప్పిస్తా" అని మూడు విడతల్లో 2,500 రూపాయలు లాగాడు. యూపీఐ పిన్ మా అబ్బాయికెలా తెలిసిందో మాకు అర్థం కావడం లేదు. వాళ్ల నాన్న రెండు దెబ్బలు కూడా వేశారు. ఐడీ వస్తుందా? డబ్బు వస్తుందా? ఇంకేమైనా పోయే ప్రమాదం ఉందా?
— ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నే అన్నిటికన్నా అర్జెంటు, ముందు దాని సంగతి చూద్దాం. బాబు పాస్‌వర్డ్ కొట్టింది గేమ్‌లో కాదు, ఫేస్‌బుక్‌లా కనిపించే దొంగ పేజీలో. అంటే వాళ్ల చేతికి చిక్కింది ఫేస్‌బుక్ అకౌంట్. అది మీవారిదే అయితే, రేపు వాళ్ల చిన్నాన్నకో ఆఫీసులో స్నేహితుడికో "అర్జెంటుగా ఐదు వేలు పంపు, సాయంత్రం ఇచ్చేస్తా" అని మీవారి పేరుతోనే మెసేజ్ వెళ్తుంది. అందుకని ఈ పేజీ చదవడం ఆపేసి ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి. మార్చాక సెట్టింగ్స్‌లో ఏయే ఫోన్లలో లాగిన్ అయి ఉందో చూపిస్తుంది, మీది కానిదల్లా లాగౌట్ చేసేయండి. మెయిల్, ఫోన్ నంబర్ ఉన్నచోట మీకు తెలియని మెయిల్ ఏదైనా చేరిందేమో చూడడం మర్చిపోవద్దు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పాస్‌వర్డ్ మార్చేశాం కదా అని ఊరుకుంటారు, దొంగ పెట్టుకున్న మెయిల్ అలాగే ఉంటుంది, వాడు దాంతో మళ్లీ పాస్‌వర్డ్ రీసెట్ చేసుకుని లోపలికి వచ్చేస్తాడు. అదే పాస్‌వర్డ్ జీమెయిల్‌కి కూడా పెట్టి ఉంటే (మన ఇళ్లలో అన్నిటికీ ఒకటే పెట్టడం మామూలే) అదీ మార్చాలి. రెండిటికీ టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత కోడ్ కూడా అడిగేది) ఆన్ చేయండి.

ఇక డబ్బు. 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల్లో డబ్బు పోతే దేశమంతటికీ అదే నంబరు. లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో మీరే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. మీ యూపీఐ యాప్ హిస్టరీలో ప్రతి లావాదేవీకీ 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఉంటుంది, మూడింటివీ రాసి పెట్టుకుని చేయండి, అవి లేకపోతే పని జరగదు. ఫిర్యాదు అందగానే ఆ డబ్బు ఏ ఖాతాలో ఉందో అక్కడే ఆపమని బ్యాంకుకి కబురు వెళ్తుంది. ఆపడానికి అది ఇంకా అక్కడ ఉండాలి కదా, దొంగలు దాన్ని నిమిషాల్లో ఖాతాలు మార్చేస్తారు. మీ విషయంలో ఆలస్యమైంది కాబట్టి 2,500 తిరిగొస్తుందని నేను మాటివ్వలేను. మీ బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా చెప్పండి. 2017 నాటి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం, మన అజాగ్రత్త వల్ల పోయిన డబ్బు మనం బ్యాంకుకి చెప్పేవరకూ మన నష్టమే. చెప్పాక కూడా పోతే అది బ్యాంకు భరించాలి. అందుకే చెప్పిన తేదీ, సమయం రుజువుగా ఉండాలి.

ఐడీ విషయానికి వస్తే, అది ఫేస్‌బుక్‌కి లింకై ఉంది కాబట్టి ఫేస్‌బుక్ మన చేతికొస్తే గేమ్ కూడా తెరుచుకునే అవకాశం ఉంది. తెరుచుకోకపోతే ఈ గేమ్ కంపెనీ గరీనా వాళ్ల కస్టమర్ సపోర్ట్‌కి రాయాలి. ప్లేయర్ ఐడీ నంబరు, ఎప్పుడైనా డైమండ్స్ కొని ఉంటే ప్లే స్టోర్ పంపిన రసీదు మెయిల్ (అందులో 'జీపీఏ'తో మొదలయ్యే ఆర్డర్ నంబరు ఉంటుంది) జతచేస్తే ఐడీ మీదేనని చెప్పడానికి ఆధారం ఉంటుంది. ఇంతకు మించి దారి లేదు. ఇన్‌స్టాలో, టెలిగ్రామ్‌లో "రికవరీ చేసిస్తా" అనేవాళ్లెవరికీ గరీనా సర్వర్ మీద అధికారం ఉండదు, చాలాసార్లు ఐడీ కొట్టేసినవాడూ ఇప్పిస్తానన్నవాడూ ఒకే ముఠా.

ఆ లింకుని ఎలా పట్టుకోవాలో బాబుకి పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. ఫ్రీ ఫైర్‌లో నిజంగానే బహుమతులిచ్చే రిడీమ్ కోడ్‌లు ఉంటాయి, వాటికో వెబ్‌సైట్ ఉంది, అక్కడా ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లాగిన్ అడుగుతారు. దొంగ పేజీ నమ్మబుద్ధి అయ్యేది అందుకే. తేడా అంతా అడ్రసులోనే ఉంటుంది. 'కామ్' తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. అసలుది రివార్డ్ డాట్ ఎఫ్ఎఫ్ డాట్ గరీనా డాట్ కామ్, అంటే 'కామ్'కి సరిగ్గా ముందు 'గరీనా' అని ఒక్కటే మాట. దొంగది 'గరీనా-రివార్డ్స్-ఫ్రీ' అనో, 'గరీనా' ముందెక్కడో పెట్టి చివర ఇంకేదో పేరుతోనో ఉంటుంది. ఇంకో సంగతి కూడా వాడినే అడగండి: డైమండ్స్ టాప్-అప్ చేసేటప్పుడు ప్లేయర్ ఐడీ నంబరు ఒక్కటే ఇస్తే సరిపోతుంది కదా, మరి నీకు ఉచితంగా ఇస్తానన్నవాడికి నీ పాస్‌వర్డ్ దేనికి? ఈ ఒక్క ప్రశ్న పిల్లలకి బాగా ఎక్కుతుంది. ఎందుకంటే టాప్-అప్ సంగతి మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.

పిన్ ఎలా తెలిసిందంటారా? కిరాణా కొట్టు దగ్గర పక్కన నిలబడి వంద సార్లు చూసి ఉంటాడు. మార్చండి. యూపీఐ లైట్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, అందులో వెయ్యి రూపాయల దాకా పిన్ లేకుండానే వెళ్లిపోతుంది, పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో అది ఉండకూడదు. ప్లే స్టోర్‌లో కూడా ప్రతి కొనుగోలుకీ వేలిముద్ర అడిగేలా పెట్టుకోవచ్చు.

దెబ్బల సంగతి మీరే రాశారు కాబట్టి అడుగుతున్నా. డబ్బు మూడు విడతల్లో ఎందుకు పోయింది? మొదటిసారి పంపగానే "ఇంకో వెయ్యి పంపకపోతే మీ నాన్నకి చెప్పేస్తా" అని వాడు బెదిరించి ఉంటాడు. ఇలాంటి కేసుల్లో ఎప్పుడూ జరిగేది అదే. మోసగాడికి పెట్టుబడి ఆ లింకు కాదు, ఇంట్లో చెప్పలేని పిల్లాడి భయం. ఈసారి తన్నులు తిన్నవాడు వచ్చేసారి వారం దాకా నోరు విప్పడు, అప్పటికి 1930కి ఫోన్ చేసినా చేసేదేం ఉండదు. మీవారికి ఈ పేరా చూపించండి.

ప్రశ్న: నేను బీటెక్ చదువుతున్నాను. స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్‌ల స్టోర్) కౌంటర్ స్ట్రైక్ 2 ఆడతాను, స్కిన్స్ (గేమ్‌లో ఆయుధాలకి వేసే డిజైన్లు, వాటిని ట్రేడ్ చేసి మార్చుకోవచ్చు) కలిపి ఓ నలభై వేలు చేస్తాయి. డిస్కార్డ్ చాట్ యాప్‌లో ఒకడు "సారీ బ్రో, వేరే స్కామర్ అనుకుని పొరపాటున నీ మీద రిపోర్ట్ కొట్టా, నీ అకౌంట్ బ్యాన్ అవుతుంది, ఈ స్టీమ్ అడ్మిన్‌తో మాట్లాడు" అన్నాడు. ఆ అడ్మిన్ ఏదో సర్టిఫికెట్ కూడా చూపించాడు. గంటలో బ్యాన్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?
— కరీంనగర్

జవాబు: తమ్ముడూ, ఏమీ చేయకు. బ్లాక్ చేసి పడుకో. (ఈ ఉత్తరం మా చేతికొచ్చేసరికి ఆ గంట ఎప్పుడో అయిపోయి ఉంటుంది, నీ అకౌంట్ నిక్షేపంగా ఉండి ఉంటుంది.) ఇది చాలా పాత నాటకం. పొరపాటున రిపోర్ట్ కొడితే అకౌంట్ పోయే పద్ధతి స్టీమ్‌లో లేదు, స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ ఉద్యోగులు ఎవరితోనూ డిస్కార్డ్‌లో మాట్లాడరు. వాళ్లతో పనుంటే స్టీమ్ సపోర్ట్ పేజీలో టికెట్ పెట్టాలి, జవాబూ అక్కడే వస్తుంది. ఆ 'అడ్మిన్' తర్వాత ఏమడుగుతాడో నేను చెప్తా: "వెరిఫికేషన్ కోసం నీ స్కిన్స్ నీ ఫ్రెండ్‌కి ట్రేడ్ చెయ్" అంటాడు. ఆ ఫ్రెండ్ పేరు, ఫోటో పెట్టుకున్న నకిలీ అకౌంట్ ఈపాటికి రెడీగా ఉంటుంది. లేదా లాగిన్ కోడ్ అడుగుతాడు.

ఇప్పటికే ఏదైనా లింకులో లాగిన్ అయ్యుంటే మాత్రం పడుకోవద్దు. పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌లనీ డీఆథరైజ్ (లాగౌట్) చేసి, స్టీమ్‌లో ఏపీఐ కీ (ప్రోగ్రామ్‌లు నీ అకౌంట్‌ని వాడుకునేందుకు ఇచ్చే తాళంచెవి) పేజీ తెరిచి చూడు. నువ్వు ఎప్పుడూ కీ తీసుకోకపోయినా అక్కడ ఒకటి కనిపిస్తే వెంటనే రద్దు చెయ్. ఆ కీ చేతిలో ఉంటే నువ్వు నిజమైన ట్రేడ్ పెట్టగానే వాడి బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్) దాన్ని రద్దు చేసి, అదే పేరుతో తన ట్రేడ్ ముందుకి తోస్తుంది, నువ్వు ఫోన్‌లో కన్‌ఫర్మ్ నొక్కేది దానికి. ఒక ఊరట ఏంటంటే, 2025 జూలై నుంచి కౌంటర్ స్ట్రైక్ 2 వస్తువులకి ఏడు రోజుల ట్రేడ్ ప్రొటెక్షన్ ఉంది, ఆ లోపు చూసుకుంటే ట్రేడ్‌లు వెనక్కి తిప్పొచ్చు. తిప్పాక నీ అకౌంట్‌లో కొన్నాళ్లు ట్రేడింగ్ ఆపేస్తారు, అది భరించాలి.

ఇంకొకటి. "మా టీమ్‌కి ఓటెయ్యి" లాంటి లింకులు నొక్కితే స్టీమ్ లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది, పైన అడ్రసు కూడా కరెక్టుగానే ఉంటుంది. కొన్నిసార్లు ఆ కిటికీ అసలు కిటికీయే కాదు, పేజీ లోపల గీసిన బొమ్మ. మౌస్‌తో పట్టుకుని బ్రౌజర్ అంచు దాటి బయటికి లాగి చూడు. నిజమైనది బయటికి వస్తుంది, బొమ్మ అంచు దగ్గరే ఆగిపోతుంది. డిస్కార్డ్‌లో ఫ్రీ నైట్రో (డిస్కార్డ్‌లో డబ్బు కట్టి తీసుకునే ప్లాన్) కోసం క్యూఆర్ స్కాన్ చేయమంటే కూడా చేయకు, అది గిఫ్ట్ క్యూఆర్ కాదు, వాడి కంప్యూటర్‌లో నీ అకౌంట్ తెరిచే లాగిన్ క్యూఆర్.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా పాప తొమ్మిదేళ్లది, రోబ్లాక్స్ ఆడుతుంది. అందులో పరిచయమైన 'ఫ్రెండ్' గిఫ్ట్ కార్డు వెనక గీకి ఫోటో పంపితే రెట్టింపు రోబక్స్ (ఆ గేమ్‌లో వాడే డబ్బు) ఇస్తానందట. పాప మా దగ్గరికి వచ్చి కార్డు అడిగింది, అప్పుడు తెలిసింది. గేమ్ మాన్పించేయాలా?
— ఒక నాన్న

జవాబు: మాన్పించక్కర్లేదండీ. మీ పాప వచ్చి అడిగింది, అదే మీ అదృష్టం. గిఫ్ట్ కార్డు కోడ్ అంటే నగదే, ఫోటో వెళ్లిందంటే నోటు వాళ్ల జేబులోకి వెళ్లినట్టే. రెట్టింపు రోబక్స్, ఉచిత రోబక్స్ జనరేటర్ అనేవేవీ లేవని రోబ్లాక్సే చెబుతుంది. ఆ 'ఫ్రెండ్'ని గేమ్‌లోనే రిపోర్ట్ చేసి బ్లాక్ చేయించండి. మీ పేరెంట్ అకౌంట్‌ని పాప అకౌంట్‌కి లింక్ చేసుకుంటే ఎవరితో మాట్లాడొచ్చు, నెలకి ఎంత ఖర్చు పెట్టొచ్చు అన్నవి మీ ఫోన్‌ నుంచే పెట్టొచ్చు. ఆమె పుట్టిన సంవత్సరం నిజంగానే ఇచ్చారో లేదో చూడండి, వయసు ఎక్కువ వేసి ఉంటే చిన్నపిల్లల కోసం పెట్టిన కట్టడులు ఆ అకౌంట్‌కి సరిగ్గా పనిచేయకపోవచ్చు. "ఇక్కడ కాదు, వేరే యాప్‌లోకి రా, మాట్లాడుకుందాం" అని ఎవరన్నా అంటే వెంటనే మీకు చెప్పమనండి. అది డబ్బు కన్నా పెద్ద విషయం.

ప్రశ్న: రమ్మీ యాప్‌లో నా డబ్బు 11 వేలు ఉండిపోయింది. ఇప్పుడు వాట్సాప్‌లో "ప్రభుత్వం రీఫండ్‌కి అనుమతి ఇచ్చింది, 18 శాతం జీఎస్టీ ముందు కట్టండి" అని వచ్చింది. లోగో అదే. కట్టమంటారా?
— కర్నూలు

జవాబు: వద్దు. రావాల్సిన డబ్బు కోసం ఎదురు డబ్బు కట్టమన్నారంటే అది మోసమే, ఏ లోగో ఉన్నా. డబ్బు పెట్టి ఆడే గేమ్‌లని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆ వార్త అందరికీ తెలుసు కాబట్టే దాన్ని వాడుకుంటున్నారు. పాత యాప్‌లో విత్‌డ్రా ఆప్షన్ ఇంకా ఉందేమో నేరుగా యాప్ తెరిచి చూడండి, మెసేజ్‌లోని లింకు ద్వారా మాత్రం కాదు. వాళ్లు "రీఫండ్ యాప్" అని ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ ఎక్కించేది) పంపితే ఇన్‌స్టాల్ చేయొద్దు, అది మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు వాళ్లకి చేరవేస్తుంది. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పనీ ఉండదు.

ప్రశ్న: నా క్లాస్‌మేట్ నంబర్ నుంచే వాట్సాప్ వచ్చింది, "బీజీఎంఐ టోర్నమెంట్‌కి మన స్క్వాడ్ పేరు ఇచ్చా, నీకు ఆరంకెల కోడ్ వస్తుంది, చెప్పరా" అన్నాడు. వాడే కదా అని చెప్పబోయి ఆగాను. నేను ఎక్కువ అనుమానిస్తున్నానా?
— ఇంటర్ విద్యార్థి, నల్గొండ

జవాబు: లేదు, కరెక్టుగా ఆగావు. ఆ ఆరంకెలు నీ వాట్సాప్‌ని ఇంకో ఫోన్‌లో తెరిచే కోడ్ అయ్యుంటుంది. కోడ్ వచ్చిన మెసేజ్ మొత్తం చదువు, ఎవరికీ చెప్పొద్దని అందులోనే రాసి ఉంటుంది. మీ వాడి వాట్సాప్ ఈపాటికే వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు, కాబట్టి మెసేజ్ పెట్టి అడగకు, దొంగే "అవును రా నేనే" అంటాడు. మామూలు ఫోన్ కాల్ చెయ్. వాడికి ఈ సంగతి తెలియకపోతే తన ఫోన్‌లో వాట్సాప్ మళ్లీ రిజిస్టర్ చేసుకోమను, అలా చేస్తే అవతలివాడు లాగౌట్ అయిపోతాడు. తర్వాత మీ క్లాస్ గ్రూప్‌లో నువ్వే ఒక వాయిస్ మెసేజ్ పెట్టు, ఈలోపు ఇంకెంతమందిని అడిగాడో.