కొత్తగా కుక్కలు, పిల్లుల క్లినిక్ పెడుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఎక్స్‌రే యంత్రం సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు మంచి తూకం, మైక్రోస్కోపు కొనుక్కో. కుక్కను తూచకుండా పురుగులు పోయే మందు రాయొద్దు.

ఆ మందుల్లో ఐవర్‌మెక్టిన్‌తో మరీ జాగ్రత్త. మనకు చవగ్గా దొరికేది పశువుల కోసం చేసిన 1 శాతం ఇంజెక్షన్, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. గజ్జికి కిలోకు 0.2 మి.గ్రా. చొప్పున 10 కిలోల కుక్కకు పడేది 0.2 మి.లీ. మాత్రమే. దశాంశ చుక్క తప్పి 2 మి.లీ. ఎక్కిందంటే పదింతలు! 1 మి.లీ. సిరంజితోనే తియ్యి. కోలీ జాతి కుక్కకైతే గజ్జి మోతాదే విషం. దాని రక్తం కలిసిందని అనుమానమున్నా ఈ మందు జోలికి పోకు. ఫ్లురలానర్ మాత్ర గజ్జికి బాగా పనిచేస్తుంది. అయితే కుక్కల యజమానులు పెద్ద కుక్క మాత్ర కొని రెండు చిన్నవాటికి విరిచిపెడతామంటారు. ఒప్పుకోకు, అది విరిచే మాత్ర కాదు. మూర్ఛలొచ్చే కుక్కకు అదీ ఆలోచించే రాయాలి.

చర్మం మీద చీము పొక్కులుంటే స్లైడు అద్ది, రంగు వేసి చూడు. చీముకణాల లోపల గుండ్రటి బ్యాక్టీరియా కనిపిస్తేనే అది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్. వేరుశెనగకాయ ఆకారంలో ఉంటే ఈస్టు అనే శిలీంధ్రం, దానికి సెఫలెక్సిన్ లాంటి యాంటీబయాటిక్ దండగ. పైపై ఇన్ఫెక్షన్లు చాలావరకు క్లోర్‌హెక్సిడిన్ షాంపూతోనే పోతాయి: వారానికి రెండు మూడుసార్లు, నురుగు ఒంటిమీద 10 నిమిషాలు ఉండాలి. రెండు నిమిషాల్లో కడిగేసి, పనిచెయ్యలేదని మాత్రలడుగుతారు.

విరేచనాలైనా చురుగ్గా తిరుగుతూ, జ్వరం లేని కుక్కకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వద్దు, వాటంతటవే తగ్గుతాయి. 'పోయినసారి డాక్టరుగారు రాశారే' అంటారు, అననీ. పార్వో వైరస్ విరేచనాలు వేరు. అక్కడ పేగు గోడ చెడి, తెల్లకణాలు పడిపోతాయి కాబట్టి యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే.

పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవరని ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతి కుక్కకూ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాసేయకు. బబీసియా అనే రక్త పరాన్నజీవి దానికి పోదు, రక్తం స్లైడు మీద పూసి చూడు. ఎర్లికియా అనే బ్యాక్టీరియా అయితే డాక్సీసైక్లిన్ కిలోకు 10 మి.గ్రా. చొప్పున రోజూ, 28 రోజులు. కుక్క కాస్త తేరుకోగానే ఆపేస్తారు కనుక చీటీలో ఆఖరి తేదీ వేసివ్వు. పిడుదులు పోకపోతే మళ్లీ వస్తుందనీ చెప్పు.

పిల్లికి డాక్సీ మాత్ర వేశాక 5 మి.లీ. నీళ్లు పట్టించాలి, లేకపోతే అన్నవాహికలో ఇరుక్కుని పుండు పడుతుంది. ఇంట్లో పిల్లి ఉందో లేదో అడగకుండా కుక్క మెడ మీద వేసే పెర్మెత్రిన్ చుక్కలు ఎవరికీ రాయకు, పిల్లికి అది విషం.